విడాకుల వేళ ఇల్లును పింఛనును

ఇల్లు కట్టి చూడుము, పెండ్లి చేసి చూడుము అని మన పెద్దలు ఆ రెండు కష్టములను జంటగా చెప్పియున్నారు. రెండును ఒక్కమారు చెదరినప్పుడు ఇల్లాలు చేయవలసినదేమో ఆ సామెత చెప్పదు. మా రోలుగుంట వంటి పల్లెలలో సైతము విడాకుల మాట యిప్పుడు అపూర్వము కాదు. విడాకులు ధర్మమా కాదా యను చర్చకు మేము పూనుకొనుట లేదు. విడిపోవుట నిశ్చయమైన పిమ్మట కాపురమున్న యిల్లేమగును, భర్త పింఛనేమగును, వానిలో భార్యకు రాదగినదేమి యనునంతవరకే సోదరీమణులకు విన్నవింపదలచితిమి. మేము వ్రాయునది హిందూ వివాహచట్టమును బట్టి. మహమ్మదీయులకును క్రైస్తవులకును చట్టములు వేరు.

మా వారు బడిపంతులగుటచే పింఛను మాట మా యింట నిత్యము వినబడునదే. మాకు తెలిసిన యొక యుపాధ్యాయుని భార్య పెక్కేండ్ల కాపురము తరువాత పరస్పరాంగీకారముతో విడాకులు పుచ్చుకొనెను. ఇల్లు కట్టునాడు మేస్త్రీలకు అన్నము వండిపెట్టినది ఆమె. పుట్టింటి నగలమ్మి పైకప్పు వేయించినది ఆమె. దస్తావేజు మాత్రము ఆయన పేరనే యుండెను. ఒక్కమారుగా కొంత సొమ్మిచ్చెదనని ఆయన యనగా ఆమె సరే యనెను. ఆ సొమ్ము కొమార్తె పెండ్లికి చెల్లిపోయెను. ఆయన యిల్లమ్ముకొనెను, మరల వివాహమాడెను, కొన్నాళ్లకు గతించెను. కుటుంబ పింఛను రెండవ యామెకు పోయినది. అందు రెండవ యామె తప్పేమియు లేదు, ఆమె చట్టప్రకారము భార్యయే. మొదటి యామె చేవ్రాలు చేసిన దినమున ఈ పింఛను మాట యెత్తినవారు ఇరుపక్షముల పెద్దలలో ఒక్కరును లేకపోయిరి. మమ్ము బాధించినది అదియే.

ఇట్లేల జరిగినది? మన దేశమునందు గోవాలో తప్ప, పెండ్లియైనంత మాత్రమున ఆలుమగల ఆర్జన ఉమ్మడి సొత్తు కాదు. గోవాలో పోర్చుగీసువారి నాటి 1867 వ సంవత్సరపు పౌరస్మృతిని బట్టి ఆ పద్ధతి నడచుచున్నది. మన ప్రాంతమున, పెద్దమనుష్యుల యెదుట విడిపోవు ఆచారము కొన్ని కులములలో పూర్వమే యుండినను, తక్కిన హిందువులకు విడాకుల దారి తెరచినది 1949 లో చెన్నరాజధాని చేసిన చట్టము. తరువాత వచ్చినది 1955 వ సంవత్సరపు హిందూ వివాహచట్టము. ఈ చట్టము మనోవర్తి నిప్పించును. పెండ్లి సమయమున దంపతులిరువురికిని కలిపి యిచ్చిన సొత్తును గూర్చి 27 వ సెక్షనును బట్టి న్యాయాధిపతి యుత్తరువు చేయవచ్చును. భర్త తన పేర సంపాదించిన యింటిలో భాగమను మాట అందులో లేదు. ఆ లోపము తీర్చుటకు 2010 లో ఒక బిల్లు వచ్చెను. భర్త స్థిరాస్తిలో భార్యకు భాగమిచ్చు ఏర్పాటుతో 2013 ఆగష్టులో రాజ్యసభ దానిని ఆమోదించెను. లోకసభలో తేలకముందే 2014 లో ఆ సభ గడువు ముగియగా, బిల్లును దానితోడనే పోయెను.

ఇంగ్లండులో 2000 డిసెంబరు నుండి విడాకుల న్యాయస్థానము ఒకరి పింఛనును చీల్చి రెండవవారి పేర కొంత వ్రాయవచ్చును. ఇల్లమ్మి సొమ్ము పంచుమని యాజ్ఞాపింపనువచ్చును. అమెరికాలో కాలిఫోర్నియా, టెక్సాసు రాష్ట్రములందు కాపురమునాటి ఆర్జన సామాన్యముగా ఉమ్మడిది. కంపెనీ పింఛనులో మాజీ భార్యకు న్యాయస్థానపు టుత్తరువుపై నేరుగా భాగమిచ్చు విధానమునకు అక్కడ 1984 లో చట్టమైనది. మన వైపు బిడ్డలనేకులు ఆ రాష్ట్రములలో కాపురములున్నారు. అక్కచెల్లెండ్రలో టెక్సాసునందున్న దానికి హక్కైనది, చోడవరమునందున్న దానికి దయగా మారుచున్నది!

ఇక ఇంటి సంగతి. మొదట చూడవలసినది దస్తావేజులోని పేరు. ఇరువురి పేర నున్న యిల్లైనచో చింత తక్కువ. 1893 వ సంవత్సరపు విభాగచట్టము ప్రకారము, గోడ పెట్టి పంచుటకు వీలుకాని యింటిని సగము భాగము గలవారు కోరినయెడల న్యాయస్థానము అమ్మించి సొమ్ము పంచవచ్చును. రెండవవారు వెలకట్టించి ఆ భాగమును తామే కొనుక్కొనవచ్చును. ప్రభుత్వము స్త్రీల పేర నిచ్చిన యిళ్లస్థలముల పట్టాలు మన పల్లెలలో పెక్కు కలవు. ఆ పట్టా ఆమెది. మగవాడు దానిని పెట్టెలో దాచినంత మాత్రమున తనది కాదు. స్త్రీధనమును అట్టిదే. అత్తవారింట నున్నను దానిపై భర్తకు స్వామ్యము రాదని 1985 లో సుప్రీము కోర్టు స్పష్టముగా చెప్పినది.

ఇల్లు మామగారిదైనచో? 2005 వ సంవత్సరపు గృహహింస నిరోధక చట్టము కోడలికి కాపురమున్న యింట నివసించు హక్కు నిచ్చినది. ఇల్లు అత్తమామలదైనను ఆ హక్కు పోదని 2020 లో సుప్రీము కోర్టు తీర్పు. అయినను అది నివాసపు హక్కే గాని, ఇల్లమ్మినప్పుడు సొమ్ములో భాగము కాదు.

ఇల్లు భర్త ఒక్కని పేర నున్నప్పుడు సోదరీమణులు ముఖ్యముగా ఎరుగవలసినది వివాహచట్టపు 25 వ సెక్షను. మనోవర్తి నెలనెలకైనను ఒక్కమారుగానైనను ఇప్పించునప్పుడు, దానికి పూచీగా భర్త స్థిరాస్తిపై ఛార్జి వ్రాయించు అధికారము న్యాయాధిపతికి కలదు. అడిగినవారికే గాని అడుగనివారికి ఎవరు వ్రాయుదురు? ఆ ఛార్జి రిజిస్ట్రారు కచేరీ పుస్తకములకు ఎక్కినచో, ఇల్లు కొనవచ్చినవాడు ఈసీ తీసినప్పుడే అది వానికి కనబడును. మేము పైన చెప్పిన యామె రాజీపత్రములో ఈ యొక్క వాక్యముండినచో ఆ యిల్లు అంత సులభముగా చేతులు మారియుండదు.

మనోవర్తికి బదులుగా ఇంటినే యిచ్చుట మరియొక మార్గము. ఇందు తులసమ్మ గారి వ్యాజ్యము స్మరింపదగినది. ఆమె విడాకులు పొందినది కాదు, విధవ. భర్త సోదరుడైన శేషారెడ్డిపై 1944 లో మనోవర్తికై నెల్లూరు న్యాయస్థానమున దావా వేసెను. 1949 నాటి రాజీలో ఆమెకు ఆస్తి యిచ్చిరి గాని, బ్రతికినంత కాలము అనుభవింపవలెనే కాని అమ్మరాదని వ్రాసిరి. తరువాత ఆమె యమ్మగా తగవు సుప్రీము కోర్టు దాక పోయెను. మనోవర్తి హక్కునకు బదులు వచ్చిన ఆస్తి 1956 వ సంవత్సరపు వారసత్వచట్టము చేత ఆమెకు సంపూర్ణముగా స్వంతమైనదని 1977 లో తీర్పు వచ్చినది. నెల్లూరిలో ఆరంభించిన వ్యాజ్యము తేలుటకు ముప్పదిమూడేండ్లు పట్టినవి. కావున “సర్వహక్కులతో” అను మాట పత్రములోనే వ్రాయించుకొనుట మేలు.

పింఛను మాట కొంత చిక్కైనది. భర్తకు వచ్చు పింఛనును మన న్యాయస్థానములు ఆస్తివలె చీల్చి పంచవు. అయితే మనోవర్తి నిర్ణయించునప్పుడు దానిని ఆయన ఆదాయముగా లెక్కింతురు. ఇరుపక్షములును తమ ఆదాయము, ఆస్తులు, అప్పులు ప్రమాణపత్రముగా దాఖలు చేయవలెనని 2020 నవంబరులో సుప్రీము కోర్టు శాసించినది. అందు గ్రాట్యుటీ, భవిష్యనిధి మున్నగునవి వచ్చినవో లేవో భార్య శ్రద్ధగా చూడవలెను. మన రాష్ట్రమున 2004 సెప్టెంబరు 1 తరువాత ఉద్యోగమున చేరినవారిని వంతు చెల్లించు పింఛను పద్ధతిలో చేర్చిరి. అట్టివారి జీతమునుండి నెలనెల కూడిన నిధి యెంతయో చీటీ తెప్పించి చూడవచ్చును.

కుటుంబ పింఛను వేరు. అది భర్త మరణానంతరము భార్యకు వచ్చునది, విడాకుల డిక్రీతో ఆ హక్కు తెగిపోవును. భర్త విల్లు వ్రాసి యిచ్చుటకును అది ఆయన సొత్తు కాదని 1991 లోనే సుప్రీము కోర్టు చెప్పినది. ఈ నష్టమును రాజీ సమయముననే వెలకట్టి మనోవర్తిలో చేర్చుకొనవలెను, లేదా దాని బదులు ఇంటిని అడుగవలెను. మరల పెండ్లియాడు తలంపు ఇరువురికిని లేనిచో విడాకుల బదులు చట్టసమ్మతముగా వేరుండు డిక్రీ యొకటి కలదు. అందు భార్యాత్వము పోదు. పింఛను హక్కును సామాన్యముగా నిలుచును. ఇది చాలమందికి తెలియదు. తెలిసిన వకీళ్లును అడుగనిదే చెప్పరు.

కేంద్రప్రభుత్వోద్యోగుల నియమములలో రెండు మేళ్లు కలవు. తల్లి విడాకులు పొందినను, అర్హులైన ఆమె బిడ్డలకు తండ్రి కుటుంబ పింఛనులో ఆమె భాగము పోదు. విడాకులు పొందిన కొమార్తె తలిదండ్రులపై ఆధారపడి యున్నచో వారి యనంతరము కుటుంబ పింఛను కోరవచ్చును; కాని విడాకుల దావా వారిలో ఒకరైనను బ్రతికియుండగనే దాఖలై యుండవలెను. “తండ్రి పోయినాక చూతము” అని వాయిదా వేయు ఇండ్లవారు ఇది గమనింతురు గాక.

పరస్పరాంగీకారపు విడాకులలో మొదటి అర్జీకిని రెండవదానికిని నడుమ ఆరుమాసముల గడువు కలదు. తగిన సందర్భములలో న్యాయాధిపతి ఆ గడువును విడువవచ్చునని 2017 లో తీర్పు వచ్చినది గనుక త్వరపెట్టువారు ఉందురు. భార్య తొందరపడనక్కరలేదు, డిక్రీ పుట్టువరకు తన సమ్మతిని మరలించుకొను హక్కు ఆమెకు కలదు. ఆ ఆరుమాసములలో ఇంటి దస్తావేజు నకలు, ఈసీ, ఆయన జీతపు చీటీ లేక పింఛను ఉత్తరువు తెప్పించి యొక వకీలుకు చూపవలెను. వకీలుకు సొమ్ములేదనువారికి, 1987 వ సంవత్సరపు చట్టము ప్రకారము ఆదాయముతో నిమిత్తము లేకయే స్త్రీలందరికిని ఉచిత న్యాయసహాయము కలదు. కోర్టులున్న ఊళ్లలో న్యాయసేవా సంఘమువారికి తెల్లకాగితముపై అర్జీ వ్రాసియిచ్చినను పుచ్చుకొందురు.