చదరంగం గళ్ళు – ఇరవై అంకెల సంఖ్య

తెలుగులో తొలి గణిత గ్రంథంగా పేరుపొందినది పావులూరి మల్లన రచించిన ‘సారసంగ్రహ గణితం’. రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో, తొమ్మిదో శతాబ్దిలో, మహావీరాచార్యుడు సంస్కృతంలో రాసిన ‘గణితసార సంగ్రహం’ దీనికి మూలం. అమోఘవర్షుని రాజధాని మాన్యఖేటం నేటి కర్ణాటకలోని కలబురగి జిల్లా మళఖేడ్. మల్లన 11వ శతాబ్దివాడని సాహిత్య చరిత్రకారులు చెబుతారు. ఆయన పేరిట ప్రసిద్ధమైన ఒక పద్యంలో ఈ సంఖ్య ఉంది:

1,84,46,74,40,73,70,95,51,615

చదరంగం మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు – ఇలా రెట్టింపు చేస్తూ పోతే 64 గళ్ళలో చేరే మొత్తం గింజలు ఇవి. మొదటి మూడు గళ్ళ మొత్తం 7. నాలుగో గడిలో ఉండేవి 8. ఏ గడి దాకా కూడినా మొత్తం తరువాతి గడికి ఒకటి తక్కువ. కనుక మన సంఖ్య, 64 రెండ్లను గుణించగా వచ్చినదానికి ఒకటి తక్కువ.

పద్యంలో అంకెలకు బదులు మాటలుంటాయి. చంద్రుడంటే 1, అగ్ని 3, సముద్రం 4, బాణం 5, కొండ 7, ఏనుగు 8, ఆకాశం సున్న. ఒకట్ల స్థానం నుండి మొదలుపెట్టి ఎడమవైపుకు రాసుకోవాలి. మాటలు పద్యంలో ఇమిడినందువల్ల సంఖ్య నోటికి వస్తుంది. అయితే లేఖకుడు ‘శశి’కి బదులు ‘గిరి’ అని రాస్తే 1 పోయి 7 వస్తుంది. రెండూ రెండేసి లఘువులే కనుక గణం చెడదు. అప్పుడు తప్పును పట్టేది గణితమే.

తొమ్మిదితో పరీక్ష చేద్దాం. ఆరు రెండ్లను గుణిస్తే 64. దాన్ని 9తో భాగిస్తే శేషం 1. అందుచేత అరవై రెండ్లకూ శేషం 1. మిగిలిన నాలుగు రెండ్ల లబ్ధం 16, శేషం 7. ఒకటి తీసివేస్తే 6. ఇటు ఇరవై అంకెలను కూడితే 87. 8, 7 కలిపితే 15. 1, 5 కలిపితే 6. రెండూ సరిపోయాయి. ‘గిరి’ వచ్చి చేరి ఉంటే సరిపోయేవి కావు. పక్కపక్క అంకెలు తారుమారైతే మాత్రం మొత్తం మారదు కనుక ఈ పరీక్ష చాలదు. దానికి 11తో పరీక్ష ఉంది: ఒకట్ల స్థానం నుండి ఒక అంకెను కూడుతూ, తరువాతిదాన్ని తీసివేస్తూ పోతే 37 వస్తుంది, 11తో భాగిస్తే శేషం 4. రెండ్ల లెక్కతోనూ అదే శేషం వస్తుందేమో విద్యార్థులు సరిచూడవచ్చు.

ఈ సంఖ్యను కారణాంకాలుగా విడదీయడమూ సులభమే. ఒక సంఖ్య వర్గం నుండి ఒకటి తీసివేస్తే, ఆ సంఖ్యకు ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ అయిన రెండు సంఖ్యల లబ్ధం వస్తుంది. ఈ సూత్రాన్ని మళ్ళీ మళ్ళీ వాడితే 3, 5, 17, 257, 65537, 4294967297 లభిస్తాయి. మొదటి ఐదూ ప్రధాన సంఖ్యలు. ఆరోదీ ప్రధాన సంఖ్యేనని 17వ శతాబ్దిలో ఫెర్మా భావించాడు. అది 641, 6700417ల లబ్ధమని 1732లో ఆయిలర్ చూపించాడు.

కంప్యూటర్‌లో 64 బిట్లతో, రుణ సంఖ్యలను వదిలి, రాయగల అతి పెద్ద పూర్ణాంకం కూడా ఇదే. ఒక్కొక్క బిట్‌ను ఒక్కొక్క గడిగా భావిస్తే కారణం మీకే తెలుస్తుంది.