స్నాప్‌షాట్ల జాబితా, సీపీయూ భారం: అపోహలు – వాస్తవాలు

అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో ఎండ 40 డిగ్రీలు దాటుతుంది. ఏసీ లేని గదిలో సర్వర్ నడిపే కాలేజీలోనో, చిన్న ఆఫీసులోనో స్నాప్‌షాట్ల జాబితా అడగ్గానే ఒక సీపీయూ కోర్ 100 శాతానికి ఎగబాకి అక్కడే నిలబడితే, 'ఎండలకు మిషన్ వేడెక్కింది' అనుకోవడం సహజం. కానీ వేడి ప్రాసెసర్‌కు కొత్త పని పుట్టించదు. హద్దు దాటినప్పుడు ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది కాబట్టి ఉన్న పనే ఎక్కువసేపు సాగుతుంది, అంతే. తెల్లవారుజామున గది చల్లబడ్డాక అదే కమాండ్ ఇచ్చి చూడండి. అప్పుడూ కోర్ నిండిపోతే ఎండను వదిలేసి వేరే కారణం వెతకాలి.

ఆ కారణాన్ని కప్పేసే అసలు అపోహ ఒకటుంది: జాబితా అంటే పేర్లు చదివి చూపించడమేనని. జెడ్‌ఎఫ్‌ఎస్ ఫైల్ సిస్టమ్‌లో మామూలుగా జాబితా అడిగితే పేరుతో పాటు ప్రతి స్నాప్‌షాట్ ఎంత చోటు వాడుతోందో, ఎంత డేటాను చూపుతోందో కూడా తెచ్చి, వరస పెట్టి ఇస్తుంది. లైనక్స్‌లో వాడే జెడ్‌ఎఫ్‌ఎస్ ఆటో స్నాప్‌షాట్ అనే టూల్ డిఫాల్ట్ లెక్క చూడండి: పావుగంటవి 4, గంటవి 24, రోజువి 31, వారానివి 8, నెలవి 12. ఒక్కో డేటాసెట్‌కు 79. డేటాసెట్లు 50 ఉంటే 3,950 స్నాప్‌షాట్లు. ప్రతిదానికీ విడివిడిగా వివరాలు తేవాలి. చూపాల్సిన వివరంగా, వరసకు ఆధారంగా పేరును మాత్రమే ఇస్తే ఈ పనిలో చాలాభాగం తప్పుతుంది. రెండు రకాలుగానూ నడిపి సమయం పోల్చితే కారణం తేలిపోతుంది. స్నాప్‌షాట్‌కు చోటే పట్టదు కదా, ఇంత ఖర్చేమిటని అడగొచ్చు. తీయడం చవకే, పాత బ్లాకులను కదపకుండా ఉంచేస్తే చాలు. వేల స్నాప్‌షాట్ల వివరాలు ఒక్కసారిగా అడగడమే ఖరీదు. ఇది చూడకుండా కొత్త ప్రాసెసర్ కొనడం, నీరెక్కడుందో తెలియకుండా బోరు ఇంకో రెండొందల అడుగులు దించడం లాంటిదే.

బీటీఆర్‌ఎఫ్‌ఎస్ అనే మరో ఫైల్ సిస్టమ్ వాడేవారికి చిక్కు ఇంకోచోట ఉంటుంది. అక్కడ కోటా లెక్కలు (క్యూగ్రూపులు) ఆన్ చేసి ఉంటే, ఏ బ్లాకును ఏయే స్నాప్‌షాట్లు పంచుకుంటున్నాయో ఫైల్ సిస్టమ్ ఎప్పటికప్పుడు లెక్కగడుతుంది. స్నాప్‌షాట్లు పెరిగేకొద్దీ ఆ లెక్క బరువెక్కుతుంది. స్నాప్‌షాట్లు నిర్వహించే స్నాపర్ టూల్ జాబితాలో వాడిన చోటు చూపే కాలమ్ ఈ లెక్క మీదే నడుస్తుంది. ఆ కాలమ్ వద్దని చెప్పే ఆప్షన్ స్నాపర్‌లోనే ఉంది. అలాంటిదే అయిన టైమ్‌షిఫ్ట్ సెట్టింగుల్లోనూ క్యూగ్రూపులు ఆపే వీలుంది. కోటా ఆపితే ఏది ఎంత తింటోందో తెలియదన్న అభ్యంతరం నిజమే. అయితే ఆ సమాచారం రోజంతా అవసరమయ్యేది కాదు. కావలసినప్పుడు రాత్రిపూట విడిగా లెక్కించుకోవచ్చు. లైనక్స్ 6.7లో వచ్చిన సింపుల్ కోటా కూడా ఉంది. అది ఎవరెవరు పంచుకుంటున్నారన్న లెక్క జోలికి పోకుండా, బ్లాకును మొదట రాసిన సబ్‌వాల్యూమ్ ఖాతాలోనే వేస్తుంది కాబట్టి చాలా తేలిక.

లోడ్ యావరేజ్ పెరగ్గానే సీపీయూ నిండిందనుకోవడమూ పొరపాటే. లైనక్స్‌లో డిస్కు కోసం ఆగిన ప్రాసెస్‌లు కూడా ఆ అంకెలో కలుస్తాయి. టాప్ కమాండ్‌లో 'డబ్ల్యూఏ' ఎక్కువుంటే అడ్డంకి డిస్కు దగ్గర, 'ఎస్‌వై' ఎక్కువుంటే పని కెర్నల్ లోపల. రెండోసారి అదే జాబితా చటుక్కున వస్తే మొదటిసారి ఆలస్యం ఎక్కువగా డిస్కుదే.

ఇక 'పాతవన్నీ ఒక్కసారి తుడిచేస్తే సరి' అన్న సలహా. కోటా ఆన్‌లో ఉన్న బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో అలా చేస్తే డిలీట్ కమాండ్ వెంటనే ముగిసినట్టే కనిపిస్తుంది గానీ, వెనకాల బీటీఆర్‌ఎఫ్‌ఎస్ క్లీనర్ అనే కెర్నల్ థ్రెడ్ గంటల తరబడి సీపీయూను తినొచ్చు. ముందు కోటా ఆపి, ఆ తర్వాత కొన్ని కొన్నిగా తొలగించాలి.