పాత కారునకు క్రొత్త ఇంజను

మోటారుకారు సంగతి పురుషులదియనియు, మనకందు పనిలేదనియు తలచి మనలో ననేకులు ఇంజను మాట వినగానే లేచి లోనికి పోవుదురు. కాని కారు మరమ్మతునకు పోవు ధనము గృహధనమే కదా! ఆ వ్యయము పెద్దదైనపుడు ఇల్లాలు రెండు ప్రశ్నలడుగ నేర్చినచో చాలును. పాత ఇంజను ఏల చెడెను? తెచ్చు ఇంజను ఎవరిది? ఈ రెండును మేము మా పినతల్లిగారి యింట నేర్చితిమి.

కీర్తిశేషులైన మా పినతండ్రిగారు ముచ్చటపడి కొన్న విదేశపు పెద్దకారు వారి వాకిట నున్నది. ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను, తోలు ఆసనములు, లోపల నున్నని కొయ్యపలకలు. ఇరువదియైదేండ్లు దాటినను పైరంగు చెడలేదు. కాని కొంతకాలము క్రిందట వెనుక గొట్టమునుండి నీలిపొగ వెడలజొచ్చెను. వంతెన ఎక్కుటకు సైతము బండి ఆయాసపడుచుండెను. మెకానిక్కు వచ్చి మూత తెరచి చూచి, "ఇంజను పోయిందమ్మగారూ, మార్చవలసిందే" యనెను. అందులకగు పైకము మనుమరాలి కళాశాల చదువునకని దాచిన సొమ్ములో సగము!

పినతల్లిగారు మమ్ము పిలిపించి, "అమ్మాయీ, మీ బాబాయిగారి బండి అమ్మడానికి చేతులు రావు, పిల్ల సొమ్ము ముట్టడానికి మనసు ఒప్పదు. ఏం చేయమంటావు?" అనిరి. మాకును తెలియదు. కావున పట్టణములో అట్టి బండ్లయందు తలపండిన మేస్త్రీ నొకనిని పిలిపించి, అతడు చేయునదెల్ల ప్రక్కన నిలిచి చూచితిమి.

ఇంజనులో సిలిండరు అను గొట్టమునందు పిస్టను రోకలివలె క్రిందుమీదుగా నాడుచుండును. దానిచుట్టునున్న లోహపు ఉంగరములు గోడనంటియుండి, మండు వాయువును క్రిందికి జారనీయవు, నూనెను పైకెక్కనీయవు. ఉంగరములును గోడలును అరిగినచో బలము జారిపోవును, నూనె పైకెక్కి మండును. అదియే నీలిపొగ. నల్లపొగ పెట్రోలు మితిమీరుటచే కలుగును. ఎంతసేపటికిని విడువని తెల్లపొగ చల్లార్చు నీరు సిలిండరులో చొచ్చుటచే కలుగును. అయినను కవాటములకడ నుండు చిన్న రబ్బరు బిళ్లలు చెడినను నీలిపొగయే వచ్చును. వానిని మార్చుటకగు వ్యయము ఇంజను వెలలో స్వల్పభాగము. కావున పొగను చూచినంతనే ఇంజను పోయెననుట, దగ్గు విని క్షయయని నిర్ణయించుటవంటిది.

ఇంజనునకును నాడి చూచు ఉపాయము కలదు. మేస్త్రీ స్పార్కు ప్లగ్గులు ఊడదీసి, ఒక్కొక్క సిలిండరునకు ఒత్తిడి కొలుచు గడియారము బిగించి ఇంజనును త్రిప్పించెను. నాలుగు సిలిండర్లు చదరపుటంగుళమునకు 160 పౌనుల దాపున చూపినవి. రెండు 90 పౌనులైనను దాటలేదు. ఆ రెండింట చెంచాడు నూనె పోసి మరల చూడగా ఒత్తిడి 130కి పెరిగెను. నూనె అరిగిన సందులను క్షణకాలము పూడ్చినందున అట్లయినది. పెరుగకున్నచో దోషము సాధారణముగా కవాటములయందే యుండును. పైతల విప్పగా ఆ రెండు గోడలపై లోతైన గీతలు కనబడినవి. మొదటి మెకానిక్కు చెప్పినది నిజమే; కాని ఇపుడది ఊహ కాదు.

ఇక నది ఏల చెడెను? మంచి ఇంజను ఊరక చెడదు. 1907వ సంవత్సరమున రోల్సు రాయిసు వారి సిల్వర్ ఘోస్టు కారును బ్రిటనున 15,000 మైళ్లు నడపి పరీక్షించిరి. అందు 14,371 మైళ్లు తనంతట తానాగక నడచెను. పిదప దానిని విప్పి చూడగా, అరిగిన భాగములను క్రొత్తవానివలె చేయుటకు 2 పౌనుల 2 షిల్లింగుల 7 పెన్నీలు మాత్రమే చాలునని తేలెను. ఆ జాతి కారే, 1912 నాటిది, నిజాము ప్రభువులది, హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున నేడును చూడవచ్చును.

మా పినతల్లిగారి బండికి శత్రువు మైళ్లు కావు, బోరునీరు! రేడియేటరులో పోయవలసిన ద్రవమునకు బదులు డ్రైవరు ఏండ్ల తరబడి పెరటి బోరునీటినే పోసెను. నీళ్లు కాచు బిందె అడుగున పట్టు తెల్లనిపొర మనకు తెలియనిదా? అదియే రేడియేటరు సన్నని గొట్టములను పూడ్చెను. ఇంజను మాటిమాటికి కాగి, గోడలు గీతలుపడెను. దీని నెరుగక క్రొత్త ఇంజను పెట్టించినచో అదియు ఆ దారినే పోయెడిది.

గోడలను చెక్కించి పెద్ద పిస్టనులు వేయించుట యొక మార్గము. కాని ఆ జాతికి తగిన పిస్టనులు దొరకలేదు. అంతట మా తమ్ముడు, పినతల్లిగారి కుమారుడు, ఒక దుకాణమున అదేజాతి ఇంజను సగము వెలకే కలదని సంతోషముతో వచ్చెను. మేము పోయి చూడగా సంఖ్య చెక్కియుండవలసిన తావున ఆకురాతితో రాచిన గుర్తున్నది. కాగితము లడుగగా దుకాణదారుడు నవ్వెను. "చవకే కదమ్మా" యని తమ్ముడు గొణిగెను. పినతల్లిగారు, "మీ నాన్నగారు కూర్చున్న బండిలో దొంగసొత్తు పెట్టను. బండి వాకిట తుప్పు పట్టినా సరే" యనిరి. తమ్ముడు మరల మాటాడలేదు.

ఇది ధర్మమే కాదు, చట్టమును. రిజిస్ట్రేషను పత్రమున ఇంజను సంఖ్య వ్రాయబడియుండును. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము ఇంజను మార్చినపుడు రవాణా అధికారికి తెలిపి పత్రము దిద్దించుకొనవలయును. ముందనుమతి లేక మార్చినవారు 14 దినములలో తెలుపవలయును. మరియొకటి. సొంత కారు రిజిస్ట్రేషను 15 సంవత్సరములకు ముగియును. పిదప అయిదేసి యేండ్లకు పొడిగింపబడును. ఆ పొడిగింపు సరిగా నున్నదని చూచుకొనక ఇంజనునకు పైకమీయరాదు.

పినతల్లిగారు తొందరపడలేదు. బండిపై గుడ్డకప్పి, కౌలుసొమ్ము చేతికి వచ్చువరకు ఆరునెలలు ఆగిరి. ఆలోపల, ప్రమాదమున వెనుకభాగము నలిగిన అదేజాతి కారునుండి తీసిన ఇంజనొకటి కాగితములతో దొరకెను. కొనకముందే దానికిని ఒత్తిడి పరీక్ష చేయించిరి. అడుగుతొట్టె విప్పించి నూనెలో లోహపు పొట్టు లేదని చూచిరి. అధికారియొద్ద అనుమతియు పొందిరి. ఇంజను బయటనున్నపుడే నీటిపంపు, రబ్బరు గొట్టములు, ఇంజను కూర్చుండు రబ్బరు దిమ్మలు మార్పించి, క్రొత్త రేడియేటరు వేయించిరి. పిదప నివి మార్చవలసివచ్చినచో విప్పుకూలి మరల పడును.

నేడు బండి నీలిపొగ లేక నడచుచున్నది. మనుమరాలి సొమ్ము బ్యాంకులో నట్లే యున్నది. పెరటి బోరుకడ డ్రైవరు చెంబు పట్టుకొని కనబడెనా, పినతల్లిగారు వంటయింటినుండియే కేకవేయుదురు.