ఉప్పు ఎక్కిన దారి, అనాస దిగే దారి

సంత రోజున సీతంపేటలో తెల్లవారకముందే కొండల మీది నుంచి మనుషుల వరసలు దిగడం మొదలవుతుంది. మగవాళ్ల భుజాన కావిళ్లు, ఆడవాళ్ల నెత్తిన గంపలు. కాలాన్నిబట్టి సరుకు మారుతుంది. ఒక రుతువులో కొండచీపుళ్లు, ఇంకో రుతువులో చింతపండు, వానలు పడితే అనాసపళ్లు. పసుపు, అల్లం, జీడిపిక్కలు వాటి వంతున అవి వస్తాయి. సరుకు మారినా దారి మారదు. వెనక నడిచేవాడు ముందువాడి మడమ చూసుకుంటూ అడుగు వేయాలి, దారి అంత ఇరుకు.

ఆ దారినే మేము ఎదురెక్కాం. బరువు దించి రాయి మీద కూర్చున్న ఒక సవర పెద్దాయన మమ్మల్ని చూసి, “ఏటి బాబూ, మీరూ సరదాకే నడుస్తన్నారా? ఈ మధ్యన సానామంది వస్తన్నారు,” అన్నాడు. మేము పత్రిక పని మీద వచ్చామని చెప్పాం. ఆయన నవ్వి, “మాకు మటుకు కాళ్లు నొప్పెట్టకుండా ఉండటమే సరదా,” అని కావిడి ఎత్తుకున్నాడు.

ఆ మాట మమ్మల్ని కొండ పైదాకా వదల్లేదు.

సీతంపేట కొండలకు ఇప్పుడు చూసేవాళ్లు పెరిగారు. ఆడలి వ్యూ పాయింటు, మెట్టుగూడ జలపాతం, సున్నపుగెడ్డ, కింద సాహస క్రీడల పార్కు అంటూ పట్నవాసులు సెలవు రోజుల్లో వస్తున్నారు. రావడంలో తప్పేముంది? ఏడాది పొడుగునా పొగలోనూ దుమ్ములోనూ బతికే కార్మికుడికి, గుమాస్తాకు కొండగాలి పీల్చుకునే హక్కు లేదా? తప్పక ఉంది. అయితే ఈ కాలిబాటలు షికారు కోసం పుట్టినవి కావు. వీటికో వ్యాపార చరిత్ర ఉంది, దోపిడీ చరిత్ర ఉంది. అది తెలియకుండా నడిస్తే కొండను సగమే చూసినట్టు.

మొదట ఇది ఉప్పు దారి. కొండ మీద అన్నీ పండుతాయి, ఉప్పు పండదు. సముద్రపు ఒడ్డున నౌపడ ఉప్పు కొఠార్లున్నాయి. ఈస్టిండియా కంపెనీ 1805లో మద్రాసు రాజధాని అంతటా ఉప్పును తన గుత్తకు తీసుకుంది. మైదానంలో పేదవాడికే భారమైన ఉప్పు, చేతులు మారి కొండకెక్కేసరికి ఎంతవుతుందో చెప్పనక్కర్లేదు. షావుకారు గుప్పెడు ఉప్పు, కాస్త ఎండుచేప, మూరెడు గుడ్డ అప్పు పెట్టి చింతపండూ కందులూ పట్టుకుపోయేవాడు. లెక్క ఆయన పుస్తకంలోనే ఉండేది. అప్పు తీరేది కాదు, చివరికి పల్లపు చెక్క ఆయన పేర పడేది.

తర్వాత రైలు వచ్చింది. పర్లాకిమిడి రాజా వేయించిన రెండున్నర అడుగుల గేజీ చిన్నరైలు 1900లో నౌపడ నుంచి పర్లాకిమిడికి నడిచింది. 1931 నాటికి గుణుపురం దాకా పాకింది. వంశధార లోయ వెంట పోయే ఆ లైను మొదలు ఉప్పు ఊరు, కొస అడవి అంచు. ఉప్పు పైకి పోవడానికీ అటవీ సరుకు కిందికి దిగడానికీ ఇంతకంటే సాక్ష్యం కావాలా? 2004లో చిన్నరైలు ఆగింది, 2011కి అదే దారిన బ్రాడ్‌గేజీ రైళ్లు వచ్చాయి. రైలు పెద్దదయింది గాని, రైలు దాకా సరుకు మోసే నెత్తీ భుజమూ మాత్రం చాలాచోట్ల మారలేదు.

రైళ్లకు స్లీపర్లు కావాలి. స్లీపర్లకు అడవి కావాలి. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు గీత పడ్డచోట పోడు నేరమయింది, పుల్ల ఏరితే నేరమయింది, తాతల నాటి బాటన నడవడానికి కూడా గార్డుకు మామూలు ఇచ్చుకోవలసి వచ్చింది. చెట్టు కొట్టడం నేరమా కాదా అన్నది ఎవరి కోసం కొడుతున్నావన్నదాన్నిబట్టి తేలింది!

ఈ దారులు ఊరికే మోత మోసి ఊరుకోలేదు. గిరిజన సంఘం ఈ దారుల వెంటే గూడ గూడకీ వెళ్లింది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు సభకు నడిచి వెళుతున్న గిరిజనులపై లేవిడి దగ్గర భూస్వాముల మనుషులు దాడి చేశారు. కోరన్న, మంగన్న అక్కడే ప్రాణాలు విడిచారు. గూడలకు వెళ్లి ఈ జనంతో మమేకమైన ఉపాధ్యాయులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం 1970 జులై 10న బోరి కొండల్లో పోలీసుల చేతిలో మరణించారు. ఆ పోరాట పంథా మీద వాదోపవాదాలు నేటికీ ఉన్నాయి. కాని గిరిజనేతరులకు భూమి బదలాయింపును నిషేధిస్తూ 1959 నాటి రెగ్యులేషన్‌ను 1970లో బిగించడం వెనక ఆ కొండదారుల ఒత్తిడి లేదని ఎవరనగలరు?

అరకు వైపు చూడండి. బైలడిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకూ, అక్కడి నుంచి జపానుకూ చేర్చడానికి 1960 దశకంలో కొత్తవలస-కిరండోల్ లైను కొండలు తొలిచి వేశారు. నేడు అదే లైను మీద అద్దాల పెట్టెలో కూర్చుని బొర్రా గుహలకు వెళుతున్నారు. ఆ బొర్రా పరిసరాల్లోనే గనుల లీజుల మీద గిరిజనుల తరఫున వేసిన కేసులో 1997లో సుప్రీంకోర్టు సమతా తీర్పు ఇచ్చింది. షెడ్యూల్డు ప్రాంతంలో ప్రభుత్వ భూమిని సైతం ప్రైవేటు కంపెనీల గనులకు ఇవ్వరాదన్నది. గని పోయి షికారు వచ్చినా ప్రశ్న ఒక్కటే: లాభం ఎవరిది, భూమి ఎవరిది?

నడక దారి కోసం జనం జైలుకు వెళ్లిన దేశాలూ ఉన్నాయి. ఇంగ్లండులో మాంచెస్టరు మిల్లుల పక్కనే కిండర్ స్కౌట్ అనే కొండ ఉంది. డ్యూక్ గారి పిట్టల వేటకోసం దాన్ని మూసి ఉంచారు. 1932 ఏప్రిల్ 24న బెన్నీ రాత్‌మన్ అనే కమ్యూనిస్టు యువకుడి నాయకత్వాన కార్మికులు వందలాదిగా ఆ కొండెక్కారు. ఐదుగురికి రెండు నుంచి ఆరు నెలల జైలు పడింది. కాని 1949లో కొండలూ బాటలూ జనానికి తెరిచే చట్టం రాక తప్పలేదు. 1951లో ఆ ప్రాంతమే ఆ దేశపు మొదటి జాతీయ పార్కయింది.

అక్కడ బయటివాడు లోపలికి రావడానికి పోరాడాడు. ఇక్కడ లోపలివాడు తన దారి తనదేనని చెప్పుకోవడానికి పోరాడాలి. తేడా అది. కూలీ నడక హక్కూ గిరిజనుడి బాట హక్కూ ఒకదానికొకటి పగ కావు. రెంటికీ అడ్డం గేటు వేసి టిక్కెట్టు కొట్టేవాడే.

మేము ఎక్కిన గూడలో ఒక తల్లి చెప్పింది: “మా కోడలికి నొప్పులొస్తే డోలీ కట్టి దించినాం బాబూ. వాన. నలుగురు మోస్తే ఇద్దరు జారిపోనారు.” బిడ్డ దక్కిందా అని అడిగే ధైర్యం మాకు వెంటనే రాలేదు. ఆమే చెప్పింది: “దక్కినాది. పక్కగూడోళ్లకి దక్కనేదు.” షికారు చోటికి తారు రోడ్డు పడుతుంది. డోలీ దిగే దారికి “అటవీ అనుమతి రాలేదు” అంటారు!

ఆ మాట చట్టానికి నిలవదు. 2006 అటవీ హక్కుల చట్టం మూడో సెక్షనులోనే ఉంది: రోడ్డు, బడి, దవాఖానా, మంచినీరు వంటి 13 రకాల పనులకు, ఒక్కోదానికి హెక్టారు లోపు భూమిని, హెక్టారుకు 75 చెట్లు మించకుండా, గ్రామసభ సిఫారసు మీద ఇవ్వవచ్చు. ఢిల్లీ చుట్టూ తిరగనక్కర్లేదు. 1996 పెసా చట్టం గ్రామసభకు పెద్దరికం ఇచ్చింది. చట్టాలున్నాయి, కదిలించేవాళ్లు కావాలి.

కనుక మేము అడిగేది ఇది. డోలీ కట్టే ప్రతి గూడ దారినీ గ్రామసభ జాబితా రాయాలి, వ్యూ పాయింటు రోడ్డు కంటే ముందు దానికి పని మొదలవ్వాలి. షికారు బాట ఎక్కడ, ఎంతమందికి, ఏ రుతువులో అన్నది గ్రామసభ తేల్చాలి. వచ్చే రుసుము గూడ ఖాతాలో పడాలి. దారి చూపే పనీ, తినుబండారాల కొట్టూ సవర, జాతాపు యువకులకూ ఆడవాళ్లకూ దక్కాలి. అనాస రెండు రోజులు ఆగదు, ఆగదని తెలిసే దళారీ ధర కోస్తాడు. 1956లో పుట్టిన గిరిజన సహకార సంస్థ డిపోలు ఉప్పూ పప్పూ అమ్మడంతో సరిపెట్టకుండా, సంతలో నిలబడి అనాస కూడా కొనాలి.

2022లో సీతంపేట శ్రీకాకుళం జిల్లా నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి మారింది. జిల్లా పేరులో మన్యం వచ్చింది. మన్యం మనిషి కాలికింద దారి ఇంకా రావాలి.

సాయంత్రం మేము దిగేసరికి పొద్దున్న కలిసిన పెద్దాయన ఖాళీ కావిడితో తిరిగి ఎక్కుతున్నాడు. ఖాళీ అనడం పొరపాటు. ఒక చివర చిన్న మూట వేలాడుతోంది. ఏమిటని అడిగాం.

“ఉప్పు,” అన్నాడు.