‘బార్డర్‌లో ఉంది’ అంటే బాగున్నట్టు కాదు



మా నాన్న ఇరవై ఏళ్ళు పొలం కూలీ. తర్వాత పట్నంలో వాచ్‌మన్‌గా చేరారు. ఒళ్ళు వంచే పని పోయింది గాని అన్నం మాత్రం అంతే తినేవారు. ఐదేళ్ళ క్రితం వైద్య శిబిరంలో రక్తం పరీక్షించి ‘షుగర్ బార్డర్‌లో ఉంది’ అన్నారు. బార్డరే కదా అని ఊరుకున్నాం. రిపోర్టు ట్రంకుపెట్టెలో పడిపోయింది. ఇంట్లో దాన్ని చదవగలిగిన వాళ్ళం మేమే, మేమూ చదవలేదు. నిరుడు కాలి పుండు మానక ఆసుపత్రికి వెళితే షుగర్ వ్యాధి అని తేలింది. పుండు మానేలోగా ఉద్యోగం పోయింది. అప్పుడు ఆ పాత రిపోర్టు తీసి చూశాం. పరగడుపున 118.

ఆ 118కి అర్థమేమిటి? పరగడుపున డెసిలీటరు రక్తంలో చక్కెర 100 మిల్లీగ్రాముల లోపు ఉంటే మామూలు. 126, ఆపైన ఉండి, మరోసారి పరీక్షించినా అలాగే వస్తే షుగర్ వ్యాధి. నడుమ 100 నుంచి 125 వరకు ప్రీడయాబెటిస్. మూడు నెలల సగటు తెలిపే హెచ్‌బిఎ1సి పరీక్షలోనైతే 5.7 నుంచి 6.4 శాతం.

ఈ దశలో ఇన్సులిన్ మాట శరీర కణాలు సరిగా వినవు. క్లోమం మరింత ఇన్సులిన్ తయారుచేసి నెట్టుకొస్తుంది. అది అలసిపోయిన నాడు షుగర్ వ్యాధి మొదలవుతుంది. అప్పటిదాకా చాలామందిలో ఏ లక్షణమూ కనిపించదు. అందుకే అశ్రద్ధ. భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో ఈ దశలో ఉన్నవారు 13.6 కోట్ల మంది.

సంతోషించాల్సిన విషయం, ఇక్కడి నుంచి వెనక్కి రావచ్చు. 2006లో వెలువడిన చెన్నై పరిశోధనలో, నడక, తిండి మార్పులతో మూడేళ్ళలో షుగర్ వచ్చే ముప్పు సుమారు 28 శాతం తగ్గింది. రోజూ అరగంట వేగంగా నడవాలి. అన్నం తగ్గించి కూర, పప్పు, గుగ్గిళ్ళు పెంచాలి. కూల్‌డ్రింకులు మానాలి. నడుము చుట్టుకొలత మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటకుండా చూసుకోవాలి.

తమ్ముళ్ళూ, మన పెద్దలు ఎండలో ఒళ్ళు వంచారు. మనం కుర్చీలో కూర్చునే ఉద్యోగాల కోసం చదువుతున్నాం. కంచం మాత్రం మారలేదు. అన్నలూ, 30 ఏళ్ళు దాటితే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఈ పరీక్ష ఉచితం, చేయించుకోండి.

ఈ సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు ట్రంకుపెట్టె ఒకసారి తెరవండి. అమ్మానాన్నల రిపోర్టులు ఉంటే చదివి చెప్పండి. మన చదువు ముందు ఇంటికి పనికిరావాలి.