అద్దె ఇంట్లో ఉంటూ ఎలక్ట్రిక్ కారు కొంటున్నారా? షోరూమ్‌కి వెళ్లేముందు మీటర్ బోర్డు చూసుకోండి!

హైదరాబాద్‌లో ఎలక్ట్రిక్ కార్లు పెరుగుతున్నాయి. సొంతిల్లు ఉన్నవాళ్లు గోడకు ఛార్జర్ బిగించుకుంటారు. మరి అద్దెకు ఉండేవాళ్ల సంగతేంటి? కారు మనదే, గోడ మాత్రం ఓనర్‌ది!

రూల్స్ పరంగా అడ్డంకి లేదు. ఇంట్లో ఉన్న కరెంట్ కనెక్షన్‌తోనే ఈవీ ఛార్జ్ చేసుకోవచ్చని కేంద్ర విద్యుత్ శాఖ 2022 మార్గదర్శకాల్లోనే చెప్పింది. కావాలంటే ఛార్జింగ్‌కు విడిగా కనెక్షన్ అడగొచ్చని 2024 ఫిబ్రవరిలో నిబంధనలు సవరించింది. అయితే మీటర్ ఉండేది ఓనర్ పేరు మీద. గోడకు డ్రిల్ వేయాలన్నా, లోడ్ పెంచాలన్నా ఆయన ఒప్పుకోవాల్సిందే.

అసలు గొడవ మొదలయ్యేది పార్కింగ్ దగ్గర. సెల్లార్ లైట్లు, లిఫ్ట్, బోరు మోటర్ అన్నీ కామన్ మీటర్ మీద నడుస్తాయి. ఆ ప్లగ్‌లో కారు పెడితే బిల్లు అందరి మెయింటెనెన్స్‌లో పడుతుంది. రెండో నెలకే అసోసియేషన్ మీటింగ్‌లో పంచాయితీ ఖాయం. చాలా అపార్ట్‌మెంట్లలో ఫ్లాట్ల మీటర్లన్నీ కిందే ప్యానెల్ బోర్డులో ఉంటాయి. మీ మీటర్ నుంచే పార్కింగ్ దాకా విడిగా వైరు లాగించి, ఎంసీబీ, ఆర్‌సీసీబీ, తాళం వేసే బాక్స్ పెట్టించుకుంటే ఆ లెక్క మీ బిల్లులోనే తేలుతుంది. బాల్కనీ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్స్ వేలాడదీయడం మాత్రం వద్దే వద్దు. గీజర్ పావుగంట నడుస్తుంది, కారు ఏడెనిమిది గంటలు ఆగకుండా కరెంట్ లాగుతుంది. సన్న వైరు వేడెక్కి కాలిపోవచ్చు.

ఇంకో చిక్కు ఎర్తింగ్. అది సరిగా లేకపోతే చాలా పోర్టబుల్ ఛార్జర్లు ఎర్ర లైటు చూపించి ఆగిపోతాయి. కారు ఇంటికొచ్చిన రోజు రాత్రి ఈ సంగతి తెలిస్తే ఎలా ఉంటుంది? పాత బిల్డింగ్ అయితే ఎలక్ట్రీషియన్‌తో ముందే చెక్ చేయించుకోవాలి.

కరెంట్ బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ ఎంతుందో కూడా చూడండి. 15 ఆంప్స్ ప్లగ్‌కు పెట్టే ఛార్జర్ దాదాపు 3 కిలోవాట్లు తీసుకుంటుంది. బిల్లు మీద 2 కిలోవాట్లే ఉంటే లోడ్ పెంచమని ఓనర్‌తో అప్లై చేయించాలి. ఎంజీ కామెట్‌లోని 17.3 కిలోవాట్ అవర్ బ్యాటరీ 3.3 కిలోవాట్ల ఛార్జర్‌తో 7 గంటల్లో నిండుతుందని కంపెనీ చెబుతోంది. రాత్రి పెడితే తెల్లారేసరికి రెడీ. అద్దెవాళ్లు 7.2 కిలోవాట్ల వాల్ బాక్స్ జోలికి పోకపోవడమే మేలు.

ఖర్చు సంగతికొస్తే, వెయ్యి కిలోమీటర్లకు సుమారు 140 యూనిట్లు అనుకుందాం. ఇప్పటికే నెలకు 250 యూనిట్లు వాడే ఇంటికి తెలంగాణ స్లాబ్‌ల ప్రకారం 300 దాకా రూ.7.70, ఆపైన 400 దాకా రూ.9 చొప్పున అదనంగా రూ.1,195 పడుతుంది. ఫిక్స్‌డ్ ఛార్జీల్లాంటివి వేరు. లీటరుకు 15 కిలోమీటర్లిచ్చే పెట్రోల్ కారుకైతే, లీటరు రూ.107 లెక్కన రూ.7 వేలు దాటుతుంది.

ఓనర్లకు మామూలుగా ఉండే భయాలు రెండే. ఒకటి బిల్లు, రెండోది షార్ట్ సర్క్యూట్. వైరింగ్ ఫొటోలు, ఎలక్ట్రీషియన్ బిల్లు చూపిస్తే చాలామంది మెత్తబడతారు. అయినా నోటిమాట మీద వెళ్లొద్దు. 11 నెలల అగ్రిమెంట్‌లోనే ఖర్చు ఎవరిదో, ఖాళీ చేసేటప్పుడు ఛార్జర్ ఎవరిదో, గోడకు పడ్డ రంధ్రాలు ఎవరు పూడ్చాలో రాయించుకోండి. లేదంటే అడ్వాన్స్‌లో కోత పడొచ్చు. ఛార్జర్ మీతో వస్తుంది, గోడలో వేసిన కేబుల్ రాదు. ఆ ఖర్చులో సగం ఓనర్‌ని అడిగి చూడొచ్చు. రేపు టులెట్ బోర్డు మీద 'ఈవీ ఛార్జింగ్ కలదు' అని రాసుకునేది ఆయనే కదా!