కంప్యూటరు నల్లతెరపై నిలిచినపుడు

లినక్స్ అనునది కంప్యూటరును నడిపించు వ్యవస్థ. దీని మూలభాగమును 1991లో ఫిన్లాండు దేశమున విద్యార్థిగా నుండిన లైనస్ టోర్వాల్డ్స్ రచించి లోకమునకు వెల్లడించెను. మన దేశమున సీ-డాక్ సంస్థ రూపొందించిన బాస్ లినక్స్ కూడ ఈ కుటుంబములోనిదే.

ఇట్టి కంప్యూటరు ఒక్కొక్కప్పుడు రంగుల తెరకు మారుగా నల్లని తెరపై తెల్లని అక్షరములను మాత్రమే చూపి నిలిచిపోవును. అంతట "యంత్రము చెడినది, అంతయు తుడిచి క్రొత్తగా ఎక్కింపవలసినదే" అని తలంతురు. తుడిచినచో పిల్లలు వ్రాసికొన్న వ్యాసములు, పాఠముల ప్రతులు, ఇంటి ఫోటోలు అన్నియు పోవును. కావున తొందరపడక, ముందు విషయమును గ్రహింపవలెను.

కంప్యూటరు మేల్కొనుట మెట్లు ఎక్కుట వంటిది. మొదట గ్రబ్ అను చిన్న కార్యక్రమము లేచి మూలభాగమును పిలుచును. మూలభాగము డిస్కును, కీబోర్డును గుర్తించును. పిమ్మట సిస్టమ్‌డీ అనునది తక్కిన సేవలను ఒక్కొక్కటిగా మేల్కొల్పును. కట్టకడపటి మెట్టు రంగుల తెర. నల్లతెర "లాగిన్" అని పేరు అడుగుచున్నదన్న, క్రింది మెట్లన్నియు ఎక్కినట్లే. కడపటి మెట్టు మాత్రమే తప్పినది. "గ్రబ్" అని మాత్రమే కనబడినచో మొదటి మెట్టుననే ఆగినది. "ఇనిట్రామ్‌ఎఫ్‌ఎస్" అనియో "ఎమర్జెన్సీ మోడ్" అనియో వచ్చినచో తరచుగా డిస్కులోని చిక్కు అయియుండును. అపుడు తోచినదెల్ల కొట్టక, తెరపై మాటలను కాగితముపై వ్రాసికొని తెలిసినవారికి చూపవలెను.

లాగిన్ వచ్చినపుడు మొదట కంట్రోల్, ఆల్ట్ మీటలతో ఎఫ్1, ఎఫ్2, ఎఫ్7 మీటలను ఒక్కొక్కటిగా నొక్కి చూడుడు. రంగుల తెర వేరొక కన్సోలుపై దాగియుండవచ్చును. లేనిచో పేరు, సంకేతపదము ఇచ్చి లోనికి పోవలెను. సంకేతపదము కొట్టునపుడు తెరపై చుక్కయైనను కనబడదు. అది దోషము కాదు.

ఇక 'ఎల్ ఎస్' అను రెండు చిన్న ఇంగ్లీషు అక్షరములు కొట్టి ఎంటర్ నొక్కినచో మీ ఫైళ్ల పేర్లు వచ్చును. తెలుగు పేర్లున్నచోట చదరములో, వజ్రపు గుర్తులో కనబడును. తెలుగు చెడిపోయినదని భయపడరాదు. ఈ కన్సోలు ఒకేమారు 512 అక్షరరూపములకు మించి ఉంచుకొనజాలదు. గుణింతములను, ఒత్తులను కూర్చుటయు దానికి రాదు. ఫైలులోని తెలుగు చెక్కుచెదరక యుండును. ఆ చదరములను చూచి "పనికిరాని ఫైళ్లు" అని తుడిచివేయుటయే అసలైన నష్టము.

పిమ్మట కారణమును వెదకవలెను. 'డి ఎఫ్' అని కొట్టి, ఖాళీ విడిచి, అడ్డగీత, 'హెచ్' చేర్చినచో డిస్కు ఎంత నిండినదో తెలియును. ఏటవాలు గీత మాత్రమే యున్న వరుసలో నూటికి నూరు అని యున్నచో, చోటు చాలకయే రంగుల తెర లేవలేదనుకొనవచ్చును. డెబియన్, ఉబుంటు కుటుంబములలో 'సుడో ఆప్ట్ క్లీన్' అను ఆజ్ఞ దిగుమతి చేసిన పాత పొట్లములను తీసివేయును.

చోటున్నచో, 'సిస్టమ్' అను మాటకు 'సి టి ఎల్' అను అక్షరములు కలిపి, దాని వెంట 'గెట్-డిఫాల్ట్' అని కొట్టవలెను. జవాబు 'మల్టీ-యూజర్' అని వచ్చినచో కంప్యూటరుకు అక్షరముల తెరవరకే వెళ్లుమని ఆజ్ఞ యున్నదన్నమాట. ముందు 'సుడో' చేర్చి, 'గెట్'కు మారుగా 'సెట్' అని వ్రాసి, చివర 'గ్రాఫికల్ డాట్ టార్గెట్' అని చేర్చి, 'సుడో రీబూట్' ఇచ్చినచో సరిపడును. ఇందు 'డాట్' అనగా చుక్క.

నవీకరణము నడుచుచుండగా కరెంటు పోయినచో పని సగములో ఆగును. 'సుడో డిపికెజి' వెంట, రెండు అడ్డగీతలతో 'కాన్ఫిగర్', ఒక అడ్డగీతతో 'ఎ' అని ఇచ్చినచో డెబియన్ కుటుంబమున మిగిలిన పని పూర్తియగును.

నవీకరణము పూర్తియైన పిదప తెర పోయినచో, క్రొత్త మూలభాగమునకు చిత్రముల డ్రైవరు పొసగకుండవచ్చును. మరల వెలిగించునపుడు షిఫ్ట్ గాని ఎస్కేప్ గాని నొక్కిన గ్రబ్ పట్టిక వచ్చును. అందు 'అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్'లో పాత మూలభాగమును ఎన్నుకొనుడు. దానితో తెర వచ్చినచో దోషము ఎచ్చటనో తేలినట్లే.

ఇవేవియు ఫలింపనిచో, పెన్ డ్రైవునుండి నడుచు లినక్స్‌తో యంత్రమును మేల్కొల్పి, ముందు పిల్లల ఫైళ్లను వేరొకచోటికి ఎత్తికొనవలెను. అటుపిమ్మటనే మరమ్మతుకు ఇయ్యవలెను. యంత్రమును మరల కొనవచ్చును. వ్రాసిన వ్యాసమును మరల అట్లే వ్రాయుట దుర్లభము.